తూటా నుంచి మొదలుపెట్టవలసిన చదువు



భారత సైన్యం వాడే రైఫిళ్ళ మీద పుస్తకం వ్రాయాలని మేనల్లుడు చిరంజీవి సంకల్పించడం ఇంటిల్లిపాదికీ సంతోషం కలిగించింది; అయితే పంపిన ప్రణాళికలో తుపాకుల పేర్లు, బరువులు, గురి అందే దూరాలే తప్ప వాటికి తూటా ఎక్కడి నుంచి వస్తుంది, వాటిని మోసే సిపాయి ఎలా ఉన్నాడు అన్న ప్రశ్నలు కనిపించకపోవడం వల్ల ఈ ఉత్తరం అవసరమైంది.

హైదరాబాదులో ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్ళే దారిలోనే ఉన్న గన్‌ఫౌండ్రీని, అంటే తోప్ కా సాంచాను, ముందుగా చూడడం మంచిది. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్దం చివర అక్కడ ఫిరంగులు పోత పోయించాడు, తుపాకులు చేయించాడు. ఆనాటి మస్కెట్టు గొట్టం లోపల నున్నగా ఉండేది కనుక గుండు అందులో వదులుగా దొర్లుతూ వచ్చి ఎటు పోతుందో తెలిసేది కాదు. గొట్టంలో మెలితిరిగిన గాడులు తీసి, గుండు వాటిని ఒరుసుకుంటూ గిర్రున తిరుగుతూ సూటిగా వెళ్ళేలా చేసిన తుపాకినే రైఫిల్ అంటారు. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. ఆ అక్టోబరులో, జీతాల బకాయిల కోసం అతని దళంలోని సిపాయిలే తమ దొరలను నిర్బంధించిన సమయంలో, ఇంగ్లీషువారు పెద్ద యుద్ధమేదీ లేకుండానే ఆ దళం మొత్తాన్ని నిరాయుధం చేశారు. సొంత కార్ఖానా ఉన్న సైన్యానికే ఆ గతి పట్టడం గురించి చిరంజీవి లోతుగా ఆలోచించాలి.

సర్వీస్ రైఫిల్, అంటే మామూలు పదాతి సిపాయికి ఇచ్చే తుపాకి, ఏ దేశంలోనైనా రాజీల ఫలితమే. 1962 యుద్ధంలో మన జవాను చేతిలో ఉన్నది గుండు గుండుకూ బోల్టు లాగవలసిన త్రీనాట్‌త్రీ; తరువాత 7.62 మిల్లీమీటర్ల ఎస్ఎల్ఆర్, అటుపైన 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ వచ్చాయి. ఇన్సాస్ మేగజైను ప్లాస్టిక్‌లోంచి లోపలి తూటాలు కనిపిస్తాయి, అందువల్ల ఎన్ని మిగిలాయో సిపాయి ఒక్క చూపుతో తెలుసుకోగలడు. ఆ మేగజైనే 1999లో కార్గిల్ చలికి పగిలిందన్న ఫిర్యాదులు వచ్చాయి. పట్టికలో బరువు, దూరం మాత్రమే చూసేవారికి ఈ సంగతి ఎన్నటికీ అందదు.

కొత్తగా చదివేవారు ఎక్కువగా తడబడేది కొలతల దగ్గర. 2019లో 72,400 కొనుగోలుకు ఒప్పందం జరిగిన సిగ్-716, అమేఠీ జిల్లా కోర్వాలో తయారయ్యే ఏకే-203, చాలాకాలంగా స్నైపర్ల చేతిలో ఉన్న ద్రగునోవ్, ఈ మూడింటికీ పట్టికలో గొట్టం లోపలి వ్యాసం 7.62 మిల్లీమీటర్లు అనే ఉంటుంది. కానీ వాటి తూటా గుల్లల పొడవు వరుసగా 51, 39, 54 మిల్లీమీటర్లు కావడం వల్ల ఒకదాని తూటా మరొకదానికి పనికిరాదు, అంటే మూడు రైఫిళ్ళకు మూడు సరఫరా దారులు తెరిచి ఉంచాలి.

స్నైపర్ రైఫిల్‌ది వేరే ధర్మం. ద్రగునోవ్ ఒక గుండు పేలగానే తానే మరొకటి ఎక్కించుకుంటుంది. పదాతి దళంతో కలిసి నడుస్తూ సుమారు 800 మీటర్ల వరకు గురిపెట్టడానికి రష్యన్లు దాన్ని రూపొందించారు. ఇటీవల వచ్చిన ఫిన్లాండు సాకో రైఫిల్‌కు ప్రతిసారీ బోల్టు చేత్తో తిప్పాలి, పేలుతున్న వేళ అందులో కదిలే భాగాలు తక్కువ, 8.6 మిల్లీమీటర్ల తూటా వల్ల గురి ఇంకా చాలా దూరం అందుతుంది. ఈ రెండింటినీ ఒకే తూకంలో పెట్టి ఏది గొప్పదని అడగడం అనవసరం.

పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల హైదరాబాదుకు చెందిన ద్వీప ఆర్మర్ సంస్థతో కలిసి తీర్చిదిద్ది 2024 జనవరిలో చూపించిన ఉగ్రం రైఫిల్‌కు పుస్తకంలో తప్పక చోటివ్వాలి, ఎందుకంటే రేమండ్ కార్ఖానా ఉన్న ఊరే మళ్ళీ తుపాకుల తయారీలోకి వచ్చింది. ఆదివారాల్లో ఆబిడ్స్ కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల్లో సైనిక గ్రంథాలు దొరికితే, వాటి అంకెలను ఎత్తి వ్రాసే ముందు ముద్రణ సంవత్సరం చూసి, ఆ అంకెలు ఏ నమూనాకు చెందినవో చిరంజీవి సరిచూసుకోవాలి.