పాఠం 12: పారేసిన వస్తువులతో ప్రజాశిల్పం

పాత ఇనుప సామాన్లు కొంటామంటూ వీధిలో తిరిగే బండిని మీరు చూసే ఉంటారు. సైకిలు రిమ్ములు, విరిగిన కుర్చీ కాళ్ళు, తుప్పు పట్టిన రేకులు అందులో ఉంటాయి. అవన్నీ కొలిమికే చేరతాయని మనం అనుకుంటాం. కానీ కొన్ని ఉద్యానవనాల్లో బొమ్మలై నిలుస్తాయి. ఒక పురపాలక సంఘమో, అటవీ శాఖో అలాంటి బొమ్మలను శిల్పి చేత చేయించాలనుకుంటే ముందుగా ఏమేమి తేల్చుకోవాలి? బొమ్మ నిలబెట్టిన తరువాత దాని బాగోగులు ఎవరు చూడాలి? ఈ పాఠం చదివాక, అటువంటి పనికి ఒక చిన్న ఒప్పంద పత్రాన్ని మీరు సొంతంగా రాయగలగాలి.

12.1 ఎవరూ అప్పగించని పని

ముందుగా, ఏ ఒప్పందమూ లేకుండా జరిగిన ఒక పనిని చూద్దాం.

నేక్‌చంద్ సైనీ 1924లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఒక పల్లెలో పుట్టారు. దేశ విభజన తరువాత ఇటు వచ్చి, 1951 నుంచి చండీగఢ్‌లో ప్రజాపనుల శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. అప్పుడు అక్కడ కొత్త నగరం కడుతున్నారు. దానికోసం పాత పల్లెలను ఖాళీ చేయించారు. కూల్చిన ఇళ్ళ పెంకులు, పగిలిన పింగాణీ, గాజుముక్కలు గుట్టలుగా పడ్డాయి. నేక్‌చంద్ ఉద్యోగం ముగిశాక వాటిని సైకిలు మీద సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలోకి చేర్చేవారు. అది కట్టడాలు నిషేధించిన ప్రభుత్వ భూమి. అందుకే ఆ పని ఏళ్ళ తరబడి రహస్యంగా సాగింది.

ఆయన పద్ధతి గమనించండి. పాత ఇనుప ముక్కలతో లోపలి చట్రం కట్టి, దానిపై సిమెంటు, ఇసుక కలిపిన మిశ్రమం పూసేవారు. పైపూత ఆరకముందే విరిగిన గాజులు, పింగాణీ పెంకులు, కొలిమి చిట్టెం అద్దేవారు. మట్టి బొమ్మలు చేసే మన కుమ్మరులకూ, సిమెంటు బొమ్మలు చేసే తాపీ మేస్త్రులకూ ఈ పని వింతగా తోచదు.

1970లలో ఈ తోట అధికారుల కంట పడింది. నిబంధన ప్రకారమైతే కూల్చేయాలి. అయితే దాన్ని కాపాడాలని నిర్ణయించి, 1976లో ప్రజల కోసం తెరిచారు. నేక్‌చంద్‌కు జీతం, 50 మంది పనివారు దక్కారు. నగరంలో పాత వస్తువులు, చింకిగుడ్డలు సేకరించే ఏర్పాటు కూడా జరిగింది. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కథ ఇక్కడితో ముగియలేదు. 1980ల చివర్లో తోటలోంచి రోడ్డు వేయబోతే జనం అడ్డంగా నిలబడ్డారు. కోర్టు తోట పక్షాన నిలిచింది. 1996లో ఆయన విదేశంలో ఉండగా బొమ్మలను ధ్వంసం చేశారు. 2015లో నేక్‌చంద్ మరణించారు. 2025 మార్చిలో రోడ్డు వెడల్పు, వాహనాలు నిలిపే స్థలం కోసం తోట గోడలో కొంత భాగాన్ని పడగొట్టారు. పేరు వచ్చినంత మాత్రాన బొమ్మకు భద్రత రాలేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆలోచించండి: ఈ తోటను కాపాడినవి ఏవి? చట్టమా, జనమా, శిల్పి బతికి ఉండటమా?

12.2 అప్పగించిన పనికైనా రక్షణ ఉందా?

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. ఇది కంచు శిల్పం, తుక్కుతో చేసింది కాదు. అయినా ఒప్పందం సంగతి తెలియాలంటే ఈ కేసు చదవాలి. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం కేంద్ర ప్రభుత్వం 1957లో అమర్‌నాథ్ సెహగల్‌కు ఒక పెద్ద కుడ్యశిల్పం పని అప్పగించింది. 1979లో శిల్పికి చెప్పకుండానే దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. భాగాలు కొన్ని పోయాయి. 1992లో సెహగల్ కోర్టుకు వెళ్ళారు. ఢిల్లీ హైకోర్టు 2005లో ఆయన పక్షాన తీర్పు చెప్పింది: మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలి, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలి.

ఈ తీర్పుకు ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని వికృతం చేస్తే ప్రశ్నించే హక్కు, అమ్మేసిన తరువాత కూడా, కర్తకు ఉంటుంది. అయితే ఒక మెలిక ఉంది. కృతిని ప్రదర్శించకపోవడం ఈ హక్కుకు భంగం కాదని అదే సెక్షన్ వివరణ చెబుతుంది. కాబట్టి బొమ్మ ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, కదపాలంటే శిల్పికి ఎన్నాళ్ళ ముందు నోటీసు ఇవ్వాలి అన్నవి కాగితం మీద ఉండాల్సిందే.

12.3 తుక్కు ఉచితమే, పని ఉచితం కాదు

"పారేసినవే కదా, ఖర్చేముంటుందండీ?" అని సంపర్క తరగతిలో ఒక అభ్యాసకుడు నన్ను అడిగాడు. చాలా కార్యాలయాల్లోనూ ఇదే అభిప్రాయం. నిజానికి ఏరడం, కడగడం, కోయడం, వెల్డింగ్ చేయడం, రవాణా, పునాది ఇవన్నీ కూలి పనులు. బొమ్మకు తూకం లెక్కన బిల్లు కట్టే పద్ధతి నాకు అసలు నచ్చదు. అలా కడితే శిల్పి బరువు పెంచుతాడు, రూపం పెంచడు. నమూనాకు కొంత, సామాను ఏరాక కొంత, నిలబెట్టాక కొంత ఇచ్చి, ఒక వానాకాలం గడిచేదాకా కొంత ఆపి ఉంచడం మేలు.

ప్రకృతి వనంలో మరింత జాగ్రత్త కావాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. బ్యాటరీలు, ఇంజను ఆయిలు అంటిన భాగాలు నేలనూ నీటినీ పాడుచేస్తాయి. జింకు పూత రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పనివాడికి హాని. టైర్లలో వాన నీరు నిలిస్తే దోమలు. పిల్లల చేతికి అందే ఎత్తులో పదునైన అంచు ఉండకూడదు. రాగి, ఇనుము తడిలో ఆనుకొని ఉంటే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

2019లో అప్పటి దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ సుమారు 150 టన్నుల తుక్కుతో తాజ్‌మహల్, ఈఫిల్ టవర్ వంటి ఏడు కట్టడాల నమూనాలు చేయించింది. సొంత గోదాముల్లోని తుక్కును వాడుకోవడం మెచ్చదగినది. కానీ ఈఫిల్ టవర్ నమూనా ఏ ఊళ్ళోనైనా ఉండవచ్చు. చండీగఢ్ బొమ్మలు ఆ నేల మీద పగిలిన వాటితోనే పుట్టాయి. పని అప్పగించేటప్పుడు ఏ తుక్కు, ఎవరి తుక్కు అని కూడా అడగాలని నా అభిప్రాయం.

కృత్యం: మీ ఊరి చెరువు గట్టున ఒక కొంగ బొమ్మ పెట్టాలని పంచాయతీ నిర్ణయించిందనుకోండి. మీ ఊళ్ళోని పాత సామాన్ల దుకాణానికి వెళ్ళి, అక్కడ దొరికే వాటిలో ఏవి పనికొస్తాయో, ఏవి పనికిరావో కారణంతో రాయండి. తరువాత శిల్పికీ పంచాయతీకీ మధ్య ఒక పేజీ ఒప్పందం రాయండి. పదేళ్ళ తరువాత గట్టు మీద రోడ్డు వేయాల్సి వస్తే ఆ బొమ్మను ఏం చేయాలో అందులో తప్పక ఉండాలి.