శ్రీలంక విహారయాత్ర: టికెట్లకు ముందు మందుల సంచి



ఒకప్పుడు సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. చేతిలో నాలుగు డబ్బులుంటే ఊటీ. ఇప్పుడు మన కుటుంబాలు శ్రీలంక వరకు వెళ్ళి వస్తున్నాయి, సంతోషమే. అయితే టికెట్లు కొన్నాక మా దగ్గరకు వచ్చి, "సిస్టరమ్మా, మామగారికి షుగరుంది, ఆయనను కూడా తీసికెళ్ళొచ్చా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న టికెట్లకు ముందు అడగవలసినది. మీలో ఎక్కువ మాత్రలు వేసుకునేవారు ఎవరు, మెట్లెక్కితే ఆయాసం వచ్చేవారు ఎవరు, పాలు తాగే బిడ్డ ఉన్నదా? ముందు ఇవి చూసుకొని, తరువాత ఎన్ని రోజులు, ఏ ఊళ్ళు అనేది నిర్ణయించండి.

ఏ నెలలో, ఏ ఒడ్డున

చిన్న ద్వీపమే అయినా శ్రీలంకలో వానలు రెండు వైపులా ఒకేసారి పడవు. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలులకు కొలంబో, బెంటోట, గాలే వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో తూర్పున ట్రింకోమలి వైపు నీరు నెమ్మదిగా ఉంటుంది. డిసెంబరు నుండి మార్చి వరకు పడమర, దక్షిణ తీరాలు అనుకూలం. క్రిస్మస్ సెలవులకు వెళ్ళేవారు ఇది గుర్తుంచుకోవాలి. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుపానుకు కొండ ప్రాంతాలలో కొండచరియలు విరిగిపడి, రోడ్లు, రైలు మార్గాలు చాలా దెబ్బతిన్నాయి. కాబట్టి కొండలెక్కే దారి ఎలా ఉందో బయలుదేరే ముందే కనుక్కోండి.

సముద్రంలో ఎర్ర జెండా కనిపించినచోట మోకాళ్ళ లోతు కూడా వద్దు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకున్నవారు దానికి ఎదురీదితే అలసి మునిగిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగడం తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రానివారు ఇది చదివి ధైర్యం తెచ్చుకోకండి, ఇసుకలోనే కూర్చోండి.

పెద్దవారికి తగిన దారి

నాలుగు రాత్రుల ప్యాకేజీలలో కొలంబో, క్యాండీ, నువర ఎలియ, బెంటోట అన్నీ కుక్కేస్తారు. నువర ఎలియ 6 వేల అడుగులకు పైన ఉంది, అంటే మన అరకుకు ఇంచుమించు రెట్టింపు ఎత్తు. డిసెంబరు, జనవరి రాత్రులు బాగా చలిగా ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలరును పెట్టెలో కాక చొక్కా జేబులో పెట్టుకోవాలి. ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలే కాదు, పెద్దలూ వాంతులు చేసుకుంటారు. షుగరు మాత్ర వేసుకొని, తిన్నది కాస్తా వాంతి అయితే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకని గ్లూకోజు పొడి, బిస్కెట్లు చేతికి అందేచోట ఉండాలి.

సిగిరియా కొండకు సుమారు 1,200 మెట్లు. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు కింద తోటలు, మ్యూజియం చూసి చెట్టు నీడన కూర్చుంటే ఏమీ నష్టం లేదు. ఎక్కగలిగినవారు తెల్లవారగానే ఎక్కి, ఎండ ముదరక ముందే దిగాలి. అక్కడ కందిరీగలు ఉన్నాయి. గట్టిగా అరవవద్దని రాసి ఉంటుంది, దానిని పాటించండి. ఆ నాలుగు ఊళ్ళ బదులు రెండు ఊళ్ళు చూసి హాయిగా తిరిగి రావడమే మేలని నా అభిప్రాయం.

మందుల సంచి

ఎన్ని రోజులు వెళుతున్నారో అన్ని రోజులకు, పైన మరో వారానికి సరిపడా మందులు తీసికొనండి. 2022లో శ్రీలంక ఆర్థిక సంక్షోభంలో ఉన్నప్పుడు అక్కడి ఆసుపత్రులే మందులకు ఇబ్బంది పడ్డాయి. ఇప్పుడు ఆనాటి పరిస్థితి లేకపోయినా, మీ మాత్ర అదే పేరుతో అక్కడ దొరుకుతుందని అనుకోవద్దు. కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు, మోతాదు డాక్టరుగారితో చీటీ మీద రాయించుకోండి. మందులు షీట్లలోంచి విప్పి డబ్బాలో కలిపి పోయవద్దు.

ఇన్సులిన్ విమానం కింద వేసే పెట్టెలో పెట్టకూడదు. అక్కడ చలికి గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు. డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఒక సదుపాయం ఏమిటంటే, 2006 నుండి శ్రీలంక గడియారం, మన గడియారం ఒక్కటే. ఇన్సులిన్ వేళ మార్చనవసరం లేదు.

ప్రయాణ బీమా తీసికొనేటప్పుడు బి.పి., షుగరు, గుండె ఆపరేషను వంటివి దాచకుండా రాయించండి. దాచిన జబ్బుకు డబ్బు రాదు. అత్యవసర అంబులెన్సుకు అక్కడ 1990కి ఫోన్ చేయాలి. 2005లో హైదరాబాదులో మొదలైన మన 108 వంటిదే ఇది. 2016లో మన దేశ సహాయంతో, 108 నడిపిన సంస్థ చేతుల మీదుగానే అక్కడ ఆరంభమయింది.

తిండి విషయం క్లుప్తంగా చెబుతాను. అన్నం, కూరలు, కొబ్బరిపాల పులుసులు మనకు కొత్త కావు. గేదె పెరుగు మీద పోసి ఇచ్చేది జీలుగు పాకం. షుగరు ఉన్నవారు రుచి చూసి గిన్నె పక్కవారికి ఇవ్వాలి. తంబిలి అనే నారింజ రంగు కొబ్బరిబోండాం ఎండకు మంచిదే. కాని కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని చెప్పబడినవారు దానిని తాగకూడదు. నీళ్ళు సీలు వేసిన సీసాలవి తాగండి.

కుక్కగాని, కోతిగాని కరిస్తే, గీరినా సరే, పుండును సబ్బుతో ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టించాలి. ఇంటికి వచ్చాక చూద్దామనుకోవడం ప్రాణాంతకం.

దోమలు, జ్వరం

ఇక అసలు విషయానికి వస్తున్నాను. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. ఇప్పుడు అక్కడ బయటపడే మలేరియా కేసులు బయటి దేశాలలో సోకి వచ్చినవే, వాటిలో మన దేశం నుండి వెళ్ళినవీ ఉన్నాయి. అందుచేత అక్కడ జ్వరం వస్తే, ఇండియా నుండి వచ్చామని డాక్టరుకు చెప్పండి. ఏజెన్సీ ప్రాంతం వారైతే ఆ సంగతి కూడా చెప్పాలి. మనం తెచ్చుకుంటామనే భయపడతాం గాని, మనం ఇచ్చి రాకూడదు కూడా.

డెంగీ మాత్రం అక్కడ బలంగా ఉంది. 2017లో 1 లక్షా 86 వేలకు పైగా కేసులు, 400కు పైగా మరణాలు నమోదయ్యాయి. వానలతోపాటు సంవత్సరంలో రెండుసార్లు, ఇంచుమించు మే నుండి జూలై వరకు, మళ్ళీ నవంబరు నుండి జనవరి వరకు పెరుగుతుంది. అంటే మనవారి క్రిస్మస్ సెలవులు కూడా అందులోకే వస్తాయి. ఈ దోమ పగలే కుడుతుంది. రాత్రికి దోమతెర కట్టుకొని పగలు పొట్టి చేతుల చొక్కాలతో తిరిగితే ప్రయోజనం లేదు. ఉదయం, సాయంత్రం నిండు చేతుల బట్టలు వేసికొని, కాళ్ళకు, మెడకు దోమల లేపనం రాసుకోవాలి. పసిబిడ్డలకు లేపనం కంటే పగటి నిద్రకు కూడా దోమతెర మంచిది. గర్భిణీలు డెంగీ పెరిగే నెలల్లో ఈ ప్రయాణం మానుకోవడమే నయం.

దోమ కుట్టిన 4 నుండి 10 రోజులకు జ్వరం వస్తుంది కనుక, చాలామందికి అది ఇల్లు చేరాకే బయటపడుతుంది. ప్రయాణ బడలిక అనుకొని ఒళ్ళు నొప్పుల మాత్రలు మింగుతారు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి ఈ జ్వరంలో రక్తస్రావాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు తమంతట తాము ఆపకుండా ఆ రోజే డాక్టరుగారిని అడగాలి. జ్వరం తగ్గిందని సంతోషించే రోజే డెంగీలో జాగ్రత్తగా చూడవలసిన రోజు. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత, మూత్రం తగ్గడం వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే తీసుకురండి. ఇంతకుముందు ఒకసారి డెంగీ వచ్చినవారికి రెండవసారి మరింత తీవ్రంగా రావచ్చు.

తిరిగి వచ్చిన రెండు వారాలలోపల జ్వరం వస్తే, ఓ.పి. చీటీ రాసే బల్ల దగ్గరే, "శ్రీలంక వెళ్ళి వచ్చాం, ఫలానా తేదీన దిగాం" అని మా సిస్టరుతో చెప్పండి. చీటీ మీద ఆ మాట రాసి రక్త పరీక్షకు పంపుతాము.