ప్రశ్నలు – జవాబులు: రూపాలు మార్చే దయ్యానికి కట్టుబాట్లుండాలా?

ప్రశ్న: బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ చదివాను. సినిమాల్లో ఎండ తగిలితే బూడిదయ్యేవాడు నవలలో పట్టపగలే లండన్‌లో తిరుగుతాడు. పిలవందే గడప దాటలేడంటారు, లూసీ అనే అమ్మాయి ఇంట్లోకి మాత్రం దూరిపోతాడు. రచయిత మరిచిపోయాడా సార్?
– డిగ్రీ విద్యార్థిని, కదిరి

జవాబు: ఎండ విషయంలో స్టోకర్ తప్పు లేదమ్మా. 1897లో వచ్చిన ఈ నవలలో పగలు డ్రాకులా శక్తి ఉడుగుతుందే తప్ప, వాడు చావడు. ఎండతో చంపడం 1922 నాటి ‘నాస్ఫెరాటు’ మూకీ చిత్రంలో మొదలై తర్వాతి సినిమాలకు పాకింది.

లూసీ ఇంటి దగ్గర మాత్రం మీ అనుమానం న్యాయమైనదే. గబ్బిలం వచ్చి కిటికీకి కొట్టుకుంటుంది, జూ నుంచి తప్పించుకున్న తోడేలు అద్దం పగలగొడుతుంది. లోపలికి రమ్మన్నదెవరో నవల చెప్పదు. నిద్రలో నడిచే లూసీయే పిలిచిందేమో అని మనం సర్దిచెప్పుకోవాలి. అదే పిచ్చాసుపత్రిలోకైతే అక్కడి రోగి రెన్‌ఫీల్డ్ రమ్మంటేనే వచ్చాడని స్టోకర్ విడమరిచి రాశాడు.

ఒక్క మాట. ఈ నియమాలు ఏకరువు పెట్టేది వాన్ హెల్సింగ్ అనే పాత్ర. నవలంతా దాదాపు డైరీలు, ఉత్తరాలే. వాన్ హెల్సింగ్ తాను విన్నవీ నమ్మినవీ చెబుతాడు. నియమం ఎవరి నోట వచ్చిందో చూసుకున్నాకే రచయితను నిలదీయాలి.

ప్రశ్న: మా ఊరి నేపథ్యంలో రూపాలు మార్చే దయ్యం నవల రాస్తున్నా. డ్రాకులాకు లాగే పారే నీళ్లు దాటలేదని పెడితే మా స్నేహితుడు పడిపడి నవ్వాడు. తీసేయమంటారా?
– కొత్త రచయిత, కళ్యాణదుర్గం

జవాబు: నవ్వడా మరి! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. పెన్నలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ రోజులు కనబడుతుంది. అయినా తీసేయకండి, తిప్పి వాడండి. ఏళ్ల తరబడి ఇసుక మీదుగా వచ్చిపోయే దయ్యం, ఏటికి నీళ్లు తగిలిన రాత్రి ఊరి వైపే చిక్కుకుపోతే? శెనక్కాయ చేలు ఎండిపోతున్నాయని వానకు మొక్కిన జనమే ఆ వానకు వణకాలి.

దయ్యం వల్ల కానిది ఏదో ఒకటి ముందే తేల్చుకోండి. రామాయణంలో బాణం తగలగానే మారీచుడి లేడి రూపం పోయింది, చివరి అరుపు మాత్రం రాముడి గొంతుతో అరిచాడు. సీతమ్మను కలవరపెట్టింది ఆ గొంతే. మన గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని, కర్ణాటకలో ‘నాళె బా’ అని రాసుకున్న రోజులు గుర్తున్నాయా? తెలిసినవాళ్ల గొంతుతో తలుపు దగ్గర పిలిచే ఆ దయ్యం ఎంత మాయలమారిదైనా, గోడ మీది రాతకు కట్టుబడి వెనక్కి పోవాల్సిందే. అందుకే జనం నమ్మారు.

మూడో అధ్యాయంలో పెట్టిన కట్టుబాటు పదమూడులో తప్పాల్సి వస్తే, పాఠకుడికన్నా ముందు కథలోనే ఎవరో ఒకరు దాన్ని పసిగట్టాలి. అప్పుడది పొరపాటనిపించుకోదు, మలుపవుతుంది.