లింకు పంపారంటే మాట ఇచ్చినట్టే

ఘంటసాల సంగీతం నేర్చుకోవడానికి కృష్ణా జిల్లా నుంచి విజయనగరం వచ్చారు. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఆ రోజుల్లో విద్య ఉన్నచోటికి మనిషి వెళ్లాలి. నేడు బొబ్బిలి వీణ నేర్చిన యువతి, తప్పెటగుళ్లు ఆడే బృందం, పలాసలో లెక్కలు చెప్పే మాస్టారు... ఎవరైనా సొంతూళ్లోనే ఉండి లోకానికి కనిపించవచ్చు. లైవ్ ఛానల్ పెట్టడం సులువే. దాన్ని జనం నమ్మేలా నిలబెట్టడమే అసలు పని.

ముందే సిద్ధం కండి

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ ఇవ్వాలంటే ఫోన్ నంబరు ధ్రువీకరించాలి. ఆ తర్వాత అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఫోన్ నుంచి ప్రసారం చేయాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్ నుంచైతే ఆ షరతు లేదు. పదహారేళ్లు నిండని పిల్లలు ఒంటరిగా లైవ్ ఇవ్వకూడదు, పక్కన పెద్దవాళ్లు కనిపించాలి. ఈ సంగతులు కార్యక్రమం రోజు పొద్దున తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

రెండు లింకులు, రెండు పనులు

ఛానల్ లింకు ఎప్పటికీ ఒకటే. కరపత్రం మీదా బ్యానర్ మీదా అదే వేయించండి. ఛానల్ పేరు ఫోన్లో చెబితే ఒక్కసారికే అర్థం కావాలి. ప్రతి కార్యక్రమానికీ విడిగా మరో లింకు వస్తుంది. ముందుగా షెడ్యూల్ చేస్తే అది అప్పుడే చేతికొస్తుంది. పంపే ముందు వేరేవాళ్ల ఫోన్లో తెరిచి చూడండి. 'ప్రైవేట్' అని ఉండిపోతే మీరు పిలిచినవాళ్లెవరికీ తెరుచుకోదు. మీ ప్రసారాన్ని ఛానల్‌కు కలిపే రహస్య కోడ్ 'స్ట్రీమ్ కీ'ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అది చిక్కినవాళ్లు మీ ఛానల్లో తమ ప్రసారం పెట్టగలరు.

పిలిచినట్టు పిలవండి

ముహూర్తం లేని శుభలేఖ పట్టుకుని పెళ్లికి ఎవరూ రారు. ఉత్త లింకు పంపినా అంతే. 'శనివారం సాయంత్రం 6 గంటలకు జముకుల కథ, గంటసేపు, తప్పక చూడండి' అని రాసి, దాని కింద లింకు పెట్టండి. రెండు రోజుల ముందు ఒకసారి, మొదలయ్యే పది నిమిషాల ముందు ఇంకోసారి పంపితే చాలు. సంబంధం లేని గ్రూపుల్లో పడేస్తే మీ పేరే చులకనవుతుంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి ముందు పరిచయం పెంచుకోండి.

అడ్డంకికి ఆలోచన ఉండాలి

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. కోట దారంతా జనసంద్రం. వేలాది ఫోన్లు ఒకేసారి సిగ్నల్ అందుకోబోతే మీ వీడియో పైకి వెళ్లే వేగం పడిపోతుంది. ఆ దారిలో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటివాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. వీడియో నాణ్యత కొంత తగ్గించినా మాట స్పష్టంగా వినిపించనివ్వండి. వెనక సినిమా పాటలు మోగనివ్వకండి, కాపీరైట్ వల్ల ప్రసారమే ఆగిపోవచ్చు. గుడిలో కెమెరా తీసే ముందు అనుమతి అడగండి. అప్పటికీ లైవ్ కుదరకపోతే మౌనంగా ఉండిపోవద్దు. 'రికార్డు చేస్తున్నాం, రాత్రి 9 గంటలకు పెడతాం' అని వెంటనే చెప్పండి, చెప్పినట్టే పెట్టండి.

ముగ్గురున్నా మొదలుపెట్టండి

శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వెళ్లిన మనవాళ్లు ఎందరో ఉన్నారు. పని ముగించుకుని, అలసిన కళ్లతో సొంతూరి పండగ చూడాలని మీ లింకు తెరుస్తారు. ఆరింటికని చెప్పి ఏడింటికి మొదలుపెడితే వాళ్ల విశ్రాంతి సమయాన్ని వృథా చేసినట్టే. చూసేవాళ్లు ముగ్గురే ఉన్నా సమయానికి మొదలుపెట్టి, పలకరించి, శ్రద్ధగా ముగించండి.

ఈ వారమే ఒక రోజు, ఒక వేళ ఎంచుకోండి. అరగంట చాలు. వచ్చే వారం అదే వేళకు మళ్లీ రండి. ఎంతమంది చూస్తారన్నది మీ చేతిలో లేదు. చెప్పిన వేళకు హాజరు కావడం మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. ముందు ఆ పేరు సంపాదించండి.