జుట్టు ఎందుకు రాలుతుంది? – ఆడపిల్లలు తెలుసుకోవలసిన సంగతులు



ఆదివారం తలస్నానాలయ్యాక వరండా ఊడ్చినవాళ్లకు తెలుసు, చేటలో దుమ్ము కంటే వెంట్రుకలే ఎక్కువ. ఒకరు బోరు నీళ్లు పడలేదంటారు, ఒకరు దిష్టి అంటారు. ఇంకొకరు ఇంటి నుంచి తెచ్చుకున్న నాలుగు పైసలూ పెట్టి కొత్త నూనె కొంటారు. మా ఇంట్లో మొదట డిగ్రీ పాసైంది నేనే. ఇప్పుడు పీజీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. సెలవులకు ఇంటికొస్తే వాడలోని ఆడవాళ్లు నన్ను ముందు అడిగేది ఈ సంగతే.

మన తలపై సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి కొన్నేళ్లపాటు నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకొని రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 రాలడం సహజమే. వారానికొకసారి తలంటుకుంటే వారం రోజులవి ఒక్కసారే చేతికొస్తాయి. అది చూసి ఏడవనక్కర లేదు.

మామూలు కంటే ఎక్కువ రాలుతుంటే మూడు నెలలు వెనక్కి వెళ్లి ఆలోచించాలి. మలేరియా, టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి. శ్రావణంలో జ్వరం వస్తే కార్తీకంలో జుట్టు రాలుతుంది. మధ్యలో ఇంత ఎడం ఉండటం వల్ల రెండింటికీ సంబంధం ఉందని తట్టదు. బాలింతలకు జరిగేదీ ఇదే. కుదుళ్లు చావవు కాబట్టి చాలామందికి ఆరు నెలల్లో తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ నూనె రాస్తే ఆ నూనెకే పేరొస్తుంది!

మన దగ్గర మరిచిపోకూడనిది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువే. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములుండాలి. శరీరంలో ఇనుము తగ్గినప్పుడు కూడా జుట్టు రాలవచ్చు. వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితో ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన శాస్త్రవేత్తల బృందానికి నాయకుడు మన తెలుగువాడే, ఎల్లాప్రగడ సుబ్బారావు. అలాంటి మాత్రను వికారంగా ఉందని కిటికీలోంచి పారేయడం నేను చూశాను. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడొద్దు. మాత్ర వేసుకోగానే ఛాయ్ తాగితే ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. నిమ్మకాయ, ఉసిరి మేలు చేస్తాయి.

ఇక జడలు. బడికి చెదరకుండా ఉండాలని బిగించి బిగించి అల్లితే నుదుటి దగ్గర, చెవుల పైన జుట్టు పలచబడుతుంది. ఏళ్ల తరబడి అలాగే చేస్తే కుదురే పోతుంది. రాత్రి పడుకునేటప్పుడైనా వదులు చేయండి.

రూపాయి బిళ్లంత నున్నగా ఊడితే పేనుకొరుకుడు అంటారు. పేనుకు ఏ పాపమూ తెలియదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్లపై దాడి చేస్తుంది. పొట్టుతో, దురదతో ఊడితే తామర కావచ్చు. అది దువ్వెనల ద్వారా అంటుకుంటుంది. పూతమందు చాలదు, డాక్టరు రాసిన మాత్రలు వాడాలి.

పాపిట నెలనెలా వెడల్పవుతుంటే అది వేరే సంగతి. వంశపారంపర్యంగానూ రావచ్చు. దీనికి పైపూతగా మినాక్సిడిల్ వాడతారు. మొదట్లో ఇంకొంచెం రాలినా ఆపకూడదు, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. గర్భిణులు వాడరాదు. కాళేశ్వరంలో తలనీలాలిస్తే ఒత్తుగా వస్తుందని కొందరి నమ్మకం. మొక్కు మొక్కే గానీ, గుండు చేయించినంత మాత్రాన కుదుళ్ల సంఖ్య పెరగదు.

నెలసరి తప్పుతూ గడ్డంపై వెంట్రుకలు వస్తున్నా, మెడ దగ్గర వాపున్నా సిగ్గుపడి దాచుకోకండి. అండాశయాల్లో నీటిబుడగల సమస్యో, థైరాయిడో కావచ్చు. నూనె సీసా కొనేముందు ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోండి. వెళ్లేటప్పుడు నెలసరి తేదీలు, వాడుతున్న మందులు, మూడు నెలల కింద వచ్చిన జ్వరం సంగతి ఒక చీటీపై రాసుకొని వెళ్లండి. డాక్టరమ్మ ముందు అడిగేవి అవే.