సంఘపు ట్రాక్టరు: నిత్య సంరక్షణము, నివారింపదగిన ప్రమాదములు

మన సహకార సంఘములు కొన్ని ట్రాక్టరును, రోటవేటరును, గడ్డికోత యంత్రమును కొని సభ్యులకు అద్దెకిచ్చుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని యంత్రము కొన్నంత మాత్రమున పని సాగదు. నారు అదనుకు వచ్చి, కాలువనీరు చేలకెక్కిన వేళ ట్రాక్టరు గట్టుపై నిలిచిపోయినచో, దానికై కాచుకొనియున్న కుటుంబములన్నిటి నాట్లును వెనుకబడును. మేము గ్రామములు తిరుగుచు చూచిన దోషములలో అధికభాగము మెకానిక్కు రాక పూర్వమే, అనగా ఆ ఉదయముననే, యజమాని కన్నులకు కనబడదగినవి. వానిని గూర్చియే ఈ నెల పాఠము.

ఎద్దు అలసినచో రొప్పును. ఆకలిగొన్నచో అరచును. బురదలో దిగబడినచో కదలక నిలుచును. రైతు దానిని చూచి కాడి దింపును. యంత్రమునకు అట్టి నోరు లేదు. ఆయిలు తక్కువైనను కొంతసేపు తిరుగును. దుమ్ము మ్రింగుచును దున్నును. తలక్రిందులగు చోటికైనను నడిపించినవాని మాట విని పోవును. కావున ఎద్దు తానై చెప్పుదానిని ట్రాక్టరు విషయమున మనమే వెదకి తెలిసికొనవలెను.

1. ఉదయపు పావుగంట

ఇంజను నడుపక మునుపే, ట్రాక్టరు సమతలమున నున్నప్పుడు, ఆయిలు కొలకర్రను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. అది పాలవలె తెల్లబారి యున్నచో అందు నీరు కలిసినదని గ్రహించి, ఇంజనును ముట్టక మెకానిక్కును పిలువవలెను. ఆయిలు ఎన్ని గంటల కొకసారి మార్చవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకమున వ్రాసియుండును. ఆ పుస్తకము అధ్యక్షుని ఇంటి బీరువాలో గాక, డ్రైవరు చేతిలో నుండవలెను.

పిమ్మట రేడియేటరు. ఒక గ్రామమున వరికోతల యనంతరము గడ్డి చుట్టలు చుట్టుచున్న ట్రాక్టరు మిక్కిలి వేడెక్కెను. నీరు చాలదని తలచి డ్రైవరు వెంటనే మూత విప్పెను. మరుగునీరు పొంగి అతని ముంజేయి కాల్చెను. చూడగా నీటికి కొరతయే లేదు. రేడియేటరు జల్లెడకు గడ్డిపీచును, పొట్టును దట్టముగా పట్టి గాలి చొరకుండుటయే అసలు దోషము. కావున వేడిగానున్న ఇంజను మూత ఎన్నడును విప్పరాదు. ఇంజను నాపి, బాగుగ చల్లారువరకు వేచియుండవలెను. గడ్డి పనులలో పూటకొకసారి జల్లెడను చూచి, ఇంజనువైపు నుండి వెలుపలికి గాలికొట్టి శుభ్రపరుపవలెను. ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కినచో సుమారు అర అంగుళము దిగవలెను. అంతకు మిక్కిలి దిగినచో బెల్టు వదులైనదని యెరుగవలెను.

చక్రముల నట్లు బిగువుగా నున్నవో లేవో, గ్రీజు పెట్టవలసిన చోట్ల నెల్ల పెట్టబడినదో లేదో చూచుటతో ఈ పావుగంట ముగియును.

2. దుమ్మును, డీజిలును

మెట్టదుక్కిలో ట్రాక్టరు తన దుమ్మును తానే పీల్చుకొనును. ఎయిర్ క్లీనరు మూసుకొనినచో నల్లని పొగ వచ్చును, బలము తగ్గును, డీజిలు ఎక్కువ కాలును. అంతకంటె చెడుగు, చిరిగిన ఫిల్టరు గుండ దుమ్ము లోనికి పోయి సిలిండరులను ఆకురాయివలె అరగదీయుట. ఆయిలు గిన్నె గల ఎయిర్ క్లీనరులో అడుగున బురద పేరుకొన్నప్పుడు పాత ఆయిలు పారబోసి, గిన్నె కడిగి, గీత వరకే క్రొత్తది పోయవలెను. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. దానిని శుభ్రపరచు రీతియు, మార్చు గడువును పుస్తకమున చూడవలెను.

డీజిలు ట్యాంకును సాయంకాలము పని ముగిసిన పిదప నింపుట మేలు. సగము ఖాళీగానున్న ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరుగా మారి అడుగునకు దిగును. డీజిలు పూర్తిగా అయిపోవువరకు నడుపుటయు తప్పే. అట్లు నడిపినచో గొట్టములలో గాలి చొచ్చి, మరల డీజిలు పోసినను ఇంజను అందుకొనదు. అప్పుడు కొందరు బ్యాటరీ దిగిపోవువరకు స్టార్టరు త్రిప్పుచుందురు. ఫిల్టరుపై నున్న మర కొంచెము వదులుచేసి, బుడగలు లేని డీజిలు వచ్చువరకు చేతిపంపు కొట్టి, మర బిగించినచో చాలమట్టుకు పని చక్కబడును.

3. దిగబడిన ట్రాక్టరు

ఇంతవరకు చెప్పినవి ధననష్టమును గూర్చినవి. ఇక చెప్పునది ప్రాణములను గూర్చినది.

రెండేండ్ల క్రిందట దమ్ము దినములలో మేము పోయిన గ్రామమున ఒక ట్రాక్టరు వెనుక చక్రములు ఇరుసు వరకు దిగబడెను. ప్రొద్దు గ్రుంకుచుండెను, మరునాడు ఆ యంత్రము వేరొక సభ్యునికి పోవలసియుండెను. ఇరువదియేండ్ల యువకుడు ఒక దుంగను వెనుక చక్రముల ముందర పెట్టి, గొలుసుతో చక్రములకు కట్టి, చిన్న గేరులో ముందుకు నడిపెను. చక్రములు తిరుగలేదు, ట్రాక్టరు ముక్కు పైకి లేచెను. గట్టుమీద నున్న అతని మేనమామ "క్లచ్చి తొక్కరా" యని కేక వేసెను. వాడు తొక్కెను. ముందుచక్రములు ధబాలున నేలబడెను. వాని ప్రాణము దక్కినది. మేమాతని చెంతకు పోవునప్పటికి వాడు చక్రము పట్టుకొని, దిగుటకు కాళ్లాడక అట్లే కూర్చుండియుండెను.

దీనికి కారణము ప్రతి సభ్యుడును తెలిసికొనవలెను. ఇంజను బలము వెనుక చక్రములను త్రిప్పుటకు చూచును. చక్రములు కదలలేని స్థితిలో నున్నచో ఆ బలమే ట్రాక్టరు శరీరమును ఇరుసు చుట్టు పైకెత్తి వెనుకకు త్రిప్పును. ముక్కు లేచినది మొదలు తలక్రిందులగు వరకు పట్టుకాలము రెండు సెకండ్లకు మించదు. ఆలోచించుటకు వ్యవధి యుండదు. బరువును ఇరుసునకుగాని, పైలింకునకుగాని కట్టి లాగినను ఇదే యపాయము కలుగును. లాగు గొలుసును క్రిందనున్న డ్రాబారునకు మాత్రమే కట్టవలెను.

దిగబడినప్పుడు చేయవలసిన దేమనగా: మొదట పనిముట్టును విప్పవలెను. చక్రముల వెనుక మట్టిని త్రవ్వి, వచ్చిన దారినే వెనుకకు మెల్లగ నడిపి చూడవలెను. అట్లును రానిచో వేరొక ట్రాక్టరుతో లాగింపవలెను. అప్పుడు గొలుసు తెగినచో తగులునంత దూరమున నెవ్వరును నిలువరాదు.

స్వీడను దేశమున క్రొత్త ట్రాక్టరులకు డ్రైవరును కాపాడు ఇనుప చట్రము ఉండితీరవలెనని 1959లో చట్టము చేసిరి. అక్కడ ట్రాక్టరు తలక్రిందులై చనిపోవువారి సంఖ్య పిమ్మట మిక్కిలి తగ్గెను. మన గ్రామములలో తిరుగు ట్రాక్టరులలో అనేకములకు అట్టి చట్రము లేదు. సంఘము క్రొత్తది కొనునప్పుడు చట్రమును, నడుముపట్టీయు గలదానినే కొనవలెనని మా సలహా. రంగును, ధరను విచారించునంతటి శ్రద్ధతో దీనినిగూడ విచారింపవలెను.

మడ్‌గార్డుపై పిల్లలను కూర్చుండబెట్టుట మనకు వాడుకయైనది. ఒక్క గుంటలో కుదుపు తగిలినచో బిడ్డ పడునది వెనుక చక్రము క్రిందనే. పొలమున విడివిడిగా తొక్కు కుడి ఎడమ బ్రేకులను రోడ్డెక్కక మునుపు కొక్కెముతో జతచేయవలెను. లేనియెడల ఒకవైపు మాత్రమే బ్రేకుపడి బండి ప్రక్కకు త్రిప్పును.

4. తిరుగు షాఫ్టు, గడ్డికోత యంత్రము

రోటవేటరును త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకండునకు 9 చుట్లు తిరుగును. పంచె కొసగాని, తువాలుగాని, చీరచెరగుగాని దానికి చిక్కినచో మనిషి "అయ్యో" యనులోపల చుట్టుకొనిపోవును. షాఫ్టుపై నుండు ప్లాస్టిక్కు తొడుగు అలంకారమునకు గాదు. విరిగినచో వెంటనే క్రొత్తది వేయింపవలెను.

మామిడితోటలలోను, పశుగ్రాసపు మడులలోను వాడు గడ్డికోత యంత్రముల విషయమున మూడు నియమములు చాలును. కోతకు ముందు నేలపై రాళ్లను, తీగముక్కలను ఏరివేయవలెను. కత్తికి తగిలిన రాయి తుపాకిగుండువలె వచ్చును. కత్తికి గడ్డి చుట్టుకొనినచో ఇంజను పూర్తిగా ఆపి, కత్తి నిలిచిన పిదపనే చేయిపెట్టవలెను. రెండు స్ట్రోకుల ఇంజనునకు పెట్రోలులో ఆయిలు కలుపవలెను. నాలుగు స్ట్రోకుల దానికి ఆయిలు వేరుగా పోయవలెను. ఈ భేద మెరుగక పోసి ఇంజనును పట్టివేయించినవారిని మేమెరుగుదుము.

5. సంఘము చేయవలసిన పని

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని మన పెద్దల సామెత. సంఘపు ట్రాక్టరు గతియు అట్లే కాకుండవలెనన్నచో, దాని భారము పేరుపెట్టి ఒక్కనికి అప్పగింపవలెను. ఏనాడు ఎన్ని గంటలు నడచినది, ఎప్పుడు ఆయిలు మార్చినది, ఎవరి చేతిలో ఏ దోష మేర్పడినది ఒక పుస్తకమున వ్రాసి, నెలసరి సమావేశమున చదువవలెను. అద్దెలో కొంతభాగమును మరమ్మతుల నిధిగా వేరుంచవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. పని తక్కువగా నుండు దినములలో సంఘము తన డ్రైవరును అచ్చటికి శిక్షణకు పంపుట యోగ్యము.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(అ) మన ట్రాక్టరు ఆయిలును చివరిసారి ఎప్పుడు మార్చితిమి? ఆ సంగతి ఎక్కడ వ్రాసియున్నది?

(ఆ) షాఫ్టు తొడుగు నేడున్నదా? లేనిచో ఎన్నాళ్ల నుండి లేదు?

(ఇ) ట్రాక్టరు దిగబడినప్పుడు దుంగ కట్టి ముందుకు నడుపరాదని మన యువకులలో ఎందరికి తెలియును?

మూడవ ప్రశ్నకు జవాబు "అందరికి" అని వచ్చువరకు ఈ పాఠమును ప్రతి సమావేశమున చదివి వినిపింపవలెనని సభ్యులను ప్రార్థించుచున్నాము.