డార్క్ ప్యాటర్న్స్: ఆన్‌లైన్ టికెట్ల మాయ, వినియోగదారుల రక్షణ

జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పండుగకు విశాఖ వెళ్లాలంటే టాటానగర్ నుంచి రైలుకో, రాంచీ నుంచి విమానానికో ఆన్‌లైన్‌లోనే టికెట్ తీసుకోవచ్చు. టికెట్ బుక్ చేసే పేజీలో అడగని బీమాకు ముందే టిక్ పెట్టి ఉంచడం, సీట్లున్నా ‘ఒక్కటే మిగిలింది’ అని తొందరపెట్టడం వంటి మోసపూరిత డిజైన్లే డార్క్ ప్యాటర్న్స్.

ముఖ్యాంశాలు
- పేరు పెట్టినవారు: హ్యారీ బ్రిగ్నల్ (2010).
- మూల చట్టం: వినియోగదారుల రక్షణ చట్టం-2019. దీని కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) 2020 జులై 24న ఏర్పడింది.
- మార్గదర్శకాలు: సెక్షన్ 18 కింద 2023 నవంబరు 30న సీసీపీఏ జారీ చేసింది. 13 రకాలను పేర్కొంది.
- బాస్కెట్ స్నీకింగ్: అడగనివి బిల్లులో చేర్చడం.
- డ్రిప్ ప్రైసింగ్: అదనపు రుసుములను చివర్లో బయటపెట్టడం.
- కన్ఫర్మ్ షేమింగ్: వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం.
- ప్రకటనల ఈమెయిళ్లు: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం-2023, సెక్షన్ 6 ప్రకారం సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి.
- ఫిర్యాదు: జాతీయ హెల్ప్‌లైన్ 1915. చెల్లించిన మొత్తం రూ.50 లక్షలు మించకపోతే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించాలి. నివాసమున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు కాబట్టి జంషెడ్‌పూర్‌వాసులకు తూర్పు సింగ్‌భూమ్ కమిషన్ అందుబాటులో ఉంటుంది.

మాదిరి ప్రశ్న
టికెట్‌తోపాటు ప్రయాణికుడి అనుమతి లేకుండా విరాళం చేర్చడం ఏ రకం?
ఎ) నాగింగ్ బి) బాస్కెట్ స్నీకింగ్ సి) డ్రిప్ ప్రైసింగ్ డి) ట్రిక్ క్వశ్చన్
జవాబు: బి

అభ్యర్థులు ఈ హక్కులను ఇంట్లో పెద్దలకూ చెప్పాలి. కష్టార్జితం కాపాడుకోవడానికి అవి అక్కరకొస్తాయి.